మొదటి దెబ్బ

"సుత్తి పట్టుకోండి బాబాయ్. మొదటి దెబ్బ మీదే," అంది ఇంజనీరమ్మ.

అటెండరు సుత్తి వంక చూశాడు గానీ చెయ్యి చాపలేదు. రిటైరై తొమ్మిదేళ్లయింది. ఈమెనెప్పుడూ చూసిన గుర్తు లేదు. పొద్దున్నే ఫోన్ చేసి, ఆటో పంపి మరీ పిలిపించింది. తను పనిచేసిన పాత ఆఫీసును కొత్త బిజినెస్ సెంటరుగా మార్చే పని ఈమెదేనట. మొదటి అంతస్తులో రోడ్డువైపు గోడ నిన్ననే తీసేశారు, అక్కడ అద్దాలు రావాలి. ఇక పడగొట్టాల్సింది మేనేజరు గది ఒక్కటే.

"మంచి టేకు గదమ్మా. ఉంచెయ్యొచ్చుగా?"

"ఓనరూ అదే అంటున్నాడు. పదకొండింటికి వస్తాడు. చూశాడంటే ఇక ముట్టుకోనివ్వడు. ఆయన సంతకం పెట్టిన ప్లానులో మాత్రం ఈ గది లేదు. ఇంకా అరగంటుంది."

ఆమె రోడ్డు మీదికి తొంగి చూసింది. అప్పటికది మూడోసారి.

ఆ గది గుమ్మం పక్కన అటెండరు ఇరవై రెండేళ్లు నిలబడ్డాడు. ఒక స్టూలు వేయించమని అడిగితే, "కూర్చునేవాడికి జీతమెందుకు?" అన్నాడు మేనేజరు. ఆ మహానుభావుణ్ణి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"మీ అమ్మగారి సంగతి నాకు తెలుసు బాబాయ్," అందామె. "బాగోలేదని పొద్దున ఫోనొస్తే, సాయంత్రం ఫైళ్లన్నీ సర్దించాక గానీ మీకు చెప్పలేదట కదా."

"నేను వెళ్లేసరికే అయిపోయింది తల్లీ. మీకెవరు చెప్పారు?"

"మా నాన్న. ఇక్కడే పనిచేసేవారు. ఆ రోజు అన్నం తింటూ చెప్పారు."

"ఏ సెక్షనమ్మా?"

"ఈ అంతస్తే. ఇక్కడి కోపమంతా ఇంటికి మోసుకొచ్చేవారు. మా అమ్మ భయపడీ భయపడీ పోయింది. ఈ గదిని ఆనవాలు లేకుండా చెయ్యాలని ఆ రోజే అనుకున్నాను."

"ఎంతమంది ఉసురు పోసుకున్నాడో వాడు," అంటూ అటెండరు సుత్తి అందుకున్నాడు.

మొదటి దెబ్బకు తలుపు చీలింది. అమ్మను తలచుకుని రెండోది వేశాడు. మూడోదానికి చెక్క గోడ ఫెళ్లున విరిగింది. మిగతాది పనివాళ్లు చూసుకున్నారు. పావుగంటలో ఆ గది చెక్కల కుప్పయింది.

అటెండరు చెమట తుడుచుకున్నాడు. ఇన్నేళ్లకు కసి తీరింది. ఇంత హాయిగా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్లయిందో.

"మీ నాన్నగారు కూడా చూసుంటే బాగుండేదమ్మా."

"చూశారు. కింద కార్లో కూర్చోబెట్టాను, అంతా కనబడేలా."

పాపం, ఆయన కూడా తనలాంటివాడే. పలకరిద్దామని అటెండరు అంచుదాకా వెళ్లి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

కార్లో ఉన్నది మేనేజరు.