ఏటి అవతలి శత్రువు

"అరగంట ఆడు. గెలుపు ఓటములతోటి పనిలేదు. ఆడినంక ఏమనిపించిందో రాసియ్యి, చాలు," అన్నాడు సురేందర్, కుర్చీ జరుపుతూ.

ధాత్రి కూర్చుంది. పంజాగుట్టలో మెట్రో కనిపించే ఓ అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. హాల్లో ఒక కంప్యూటరు, ఒక సోఫా, మూల చెప్పుల స్టాండు. తలుపు మీద సురేందర్ కంపెనీ పేరు లేకపోతే ఎవరో కాపురముంటున్నారనుకోవచ్చు. ఇక్కడ తయారవుతున్న కంప్యూటర్ ఆటకి ఒక మనిషి కావాలన్నారు. ఏం పనో ప్రకటనలో లేదు. ఆడటం వచ్చి, ఓపిక ఉంటే చాలునని మాత్రం ఉంది.

మైత్రీవనంలో రెండు కంప్యూటర్ కోర్సులు పూర్తిచేసిన ధాత్రికి ఇది పదో ఇంటర్వ్యూ. ఇదీ కాకపోతే ఆదివారం అమీర్‌పేట హాస్టల్ ఖాళీ చేసి తణుకు వచ్చేస్తానని అమ్మకి మాటిచ్చింది.

ఆమెకంటే ముందు ఆడిన భార్గవ్ సోఫాలో కూర్చుని కాగితం నింపుతున్నాడు. సురేందర్ ఫోన్ మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్లగానే గొంతు తగ్గించాడు.

"అన్నకు ఆటల ఉన్న శత్రువుతోనే పరేషాన్ అంట. ఆర్నెల్ల సంది దానికి తెలివి పెడుతుండు, అయితలేదు. ఇప్పుడు సుత మధ్యమధ్యల ఆగుతది. నువ్వయితే అది రాయకు. మస్తుందని రాసి పో."

"థాంక్సండి," అంది ధాత్రి.

ఆట మొదలైంది. ఏటికి ఇవతల ఆమె ఊరు, అవతల కంప్యూటర్ నడిపే శత్రువు ఊరు. పొలం దున్నించాలి, ధాన్యం కొట్టు కట్టాలి, సైన్యం పెంచాలి. చదరంగంలోలా నీ వంతు, నా వంతు అని ఉండదు. నువ్వు ఆలోచిస్తున్నంతసేపూ అవతలివాడు పని చేసుకుపోతూనే ఉంటాడు.

పది నిమిషాలకే శత్రువు సైన్యం ఏటి ఒడ్డుకొచ్చింది. మీద పడలేదు. ఎడమ నుంచి కుడికి వరసగా నడిచి, మళ్లీ కుడి నుంచి ఎడమకి నడిచింది. వెళ్లిన ప్రతిసారీ ఒక్కొక్క వరస మనుషుల్ని వదిలిపెడుతోంది. చూస్తుండగానే ఒడ్డంతా సందులేకుండా నిండిపోయింది. ధాత్రికి ముచ్చటేసింది, భయమూ వేసింది.

లోపలి గది తలుపు తీసుకుని ఒకావిడ టీ, బిస్కెట్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. అరవై ఏళ్లుంటాయి. ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు.

"మా మేనత్త, కాంతవ్వ," అన్నాడు సురేందర్, బాల్కనీ నుంచి వస్తూ.

"తర్వాత తాగుతానండి, టైమ్ అయిపోతుంది," అంది ధాత్రి, చూపు తిప్పకుండా.

"తిండికాడ తొందరేంది బిడ్డ? పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

ధాత్రి మౌస్ కదిలిస్తూనే ఉంది.

"తినలే. మొకం చూస్తే ఎరుకైతలేదా. తిను ముందు. ఊరు మంచిగనే కట్టినవ్, యాడికి పోదు."

ఆవిడ కప్పు ఖాళీ అయ్యేదాకా నిలబడి, తీసుకుని వెళ్లిపోయింది. ధాత్రి మళ్లీ మౌస్ పట్టుకుంది. ఊరు నిజంగానే ఎక్కడికీ పోలేదు; శత్రువు సైన్యం ఏటి మధ్యలో ఆగి ఉంది. ఆ తర్వాత యుద్ధం జరిగింది, ఆమె ఓడిపోయింది. ఊరు సగం కాలింది గానీ ధాన్యం కొట్టు చెక్కుచెదరలేదు. శత్రువు దాని పక్కనుంచే రెండుసార్లు వెళ్లాడు, తాకలేదు.

కాగితంలో ఆఖరి ప్రశ్న: శత్రువు ఎలా ఉన్నాడు?

ధాత్రి పెన్ను తీసుకుంది. మస్తుందని రాసి పోవచ్చు. తొమ్మిదిచోట్ల అలాగే వాళ్లకి నచ్చే మాటలు చెప్పింది, తొమ్మిదిచోట్లా ఉద్యోగం రాలేదు. పదోసారి ఉన్నది రాసింది.

సురేందర్ ఆ కాగితం పైకి చదివాడు.

"శత్రువు ఒకచోట ఏటి మధ్యలో చాలాసేపు ఆగిపోయాడు. నేను దారి తప్పితే దొరికేదాకా ఎదురుచూశాడు. గెలిచి కూడా ధాన్యం కొట్టు ముట్టుకోలేదు. ఇవన్నీ లోపాలే. కానీ దిద్దకండి. దిద్దితే ఈ ఆట ఇంకెవరి ఆటలాగానో అయిపోతుంది."

భార్గవ్ ఆమె వైపు జాలిగా చూశాడు. సురేందర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"భార్గవ్, నీకు ఫోన్ చేస్తం, పోయిరా. నువ్వు ఉండమ్మా."

తలుపు మూసుకున్నాక అడిగాడు. "ఎల్లుండి సంది రాగలవా? కాంతవ్వ తన బిడ్డ కాన్పుకు సిరిసిల్ల పోతుంది. మూడు నెల్లు రాదు. ఆమె జాగల మనిషి కావాలె."

ధాత్రికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. రెండు కోర్సులు, పది ఇంటర్వ్యూలు. అమ్మకి ఏమని చెప్పాలి?

"నాకు టీ పెట్టడం అంత బాగా రాదండి," అంది మెల్లగా.

"టీ కింద హోటల్ల తెప్పించుకుంటం. దా, కూసునే జాగ చూపిస్త," అంటూ అతను లోపలి గది తలుపు తీశాడు.

చిన్న గది. కిటికీ గట్టు మీద కరెంటు పొయ్యి, టీ గిన్నె. గోడవారగా ఇంకో కంప్యూటరు. తెర మీద ఏరు, దానికి అవతలి ఒడ్డున సగం కాలిన ఊరు, ఆ ఊళ్లో చెక్కుచెదరని ధాన్యం కొట్టు.

కాంతవ్వ మౌస్ వదిలి, కళ్లద్దాలు తుడుచుకుంటూ కుర్చీలోంచి లేచింది.

"దా బిడ్డ, ఎల్లుండి సంది శత్రువు నువ్వే."