చెయ్యెత్తినవాడు

"టచ్ ఉంది సార్!" నెట్ అవతలి నుంచి ముబారక్ అరిచాడు. "బ్లాక్‌లో వేలికి తగిలే బయటికి పోయింది. ఔట్ ఎట్టా ఇస్తారు?"

రిఫరీగా నిలబడ్డ డ్రిల్లు మాస్టారు విజిల్ నోట్లోంచి తీసి అటూ ఇటూ చూశాడు. "నాకు కనపళ్ళేదయ్యా. కనపడంది ఎట్టా ఇయ్యమంటావు?"

వెల్దుర్తి చర్చి వెనకాల వాలీబాల్ గ్రౌండు గోలగోలయిపోయింది. అవదా మరి! ఆఖరి సెట్టు. చర్చి టీముకు ఇరవై నాలుగు, మాచర్ల మెకానిక్కుల టీముకు ఇరవై మూడు. ఈ బంతి ఎవరికీ తగలకుండా ఔటయితే కప్పు చర్చిది, చర్చి వాళ్ళ చేతికి తగిలి పోయుంటే పాయింటు మాచర్లది. మూడేళ్ళుగా ఆ కప్పు మాచర్లలో ముబారక్ షెడ్డులోనే ఉంటోంది, అదీ స్పానర్లు వేసుకోవడానికి.

ముబారక్ కొట్టినప్పుడు బంతిని అడ్డుకోవడానికి, బ్లాక్ కోసం నెట్ దగ్గర ఎగిరింది ఇద్దరే. ఒకరు పాస్టర్ దయాసాగర్ గారు. ప్యాంటు మడిచి దిగారంటే కుర్రాళ్ళతో సమానంగా ఆడతారు. రెండోవాడు ఎలీషా. యాభైకి దగ్గర పడ్డ మనిషి, నాపరాళ్ళ పాలిష్ మిషన్ మీద పని. భార్య పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. సాయంత్రం ఈ గ్రౌండులో గడిచే గంటసేపే అతనితో నలుగురు మాట్లాడేది.

ముబారక్ నెట్ కింద నుంచి దూరి నేరుగా పాస్టర్ గారి ముందుకొచ్చాడు.

"అయ్యగారూ, మీరు దేవుడి మనిషి. తగిలిందో లేదో మీరే చెప్పండి. మీరు లేదంటే లేదు. కప్పు తీసకపోండి, మేం నోరెత్తం."

గోల ఆగిపోయింది. అందరూ పాస్టర్ గారి వైపే చూస్తున్నారు. ఆయన నుదురు తుడుచుకుని గొంతు సవరించుకున్నారు.

అంతలో ఎలీషా చెయ్యెత్తాడు. "టచ్ ఉంది సార్."

విజిల్ మోగింది. ఇరవై నాలుగు సమానం. తర్వాతి రెండు పాయింట్లూ ముబారక్ వాళ్ళు ఊది పారేశారు. కప్పు మళ్ళీ స్పానర్ల దగ్గరికే వెళ్ళింది.

"ఏంది బాబాయ్ నువ్వు?" చర్చి టీం కెప్టెన్ రూబేను బంతిని గోడకేసి తన్నాడు. "నిన్నెవరన్నా అడిగారా? అడిగింది అయ్యగార్ని. ఆయన చెప్పుకునేవాడుగా! మధ్యలో నీకేం పుట్టింది?"

యథార్థవాది లోకవిరోధి అని పెద్దలు ఊరికే అనలేదు. గెలిస్తే తిందామని తెప్పించిన బిర్యానీ ఓడిపోయినా తిన్నారు గానీ, ఎలీషాను మాత్రం ఎవరూ రమ్మనలేదు. అతను ఒక్కడే నెట్ విప్పి, చుట్టి, గదిలో పెట్టి ఇంటికి వెళ్ళాడు.

మర్నాడు అయిదింటికి అలవాటు ప్రకారం వచ్చాడు. అతని చోటులో వేరేవాడు ఆడుతున్నాడు.

"మనుషులు సరిపోయారు బాబాయ్," అన్నాడు రూబేను, ఇటు తిరక్కుండానే.

ఎలీషా పిట్టగోడ మీద కూర్చున్నాడు. బంతి అటొస్తే తెచ్చి ఇచ్చాడు. తీసుకున్నవాడు ముఖం కూడా చూడలేదు. శనివారం దాకా ఇదే వరస. అయినా రోజూ వచ్చేవాడు. ఇంటికి పోయి ఎవరితో మాట్లాడతాడు?

ఆదివారం పాస్టర్ గారు ఏకంగా వాలీబాల్ మీదే ప్రసంగం చేశారు.

"ప్రియులారా, ఆటలో బంతిని పట్టుకుంటే ఏమవుతుంది? ఫౌల్! పగ కూడా అంతే. చేతిలో ఆపుకోకూడదు, వెంటనే పంపించెయ్యాలి."

"ఆమెన్!" అని అందరికంటే గట్టిగా అరిచింది రూబేనే.

"నెట్ దేవుడి ఆజ్ఞ లాంటిది, తాకకూడదు. ఒకవేళ తప్పు చేశామా, రిఫరీ చూడకపోయినా చెయ్యెత్తి ఒప్పుకోవాలి. మన ఎలీషాను చూసి నేర్చుకోండి!"

అందరూ తలలు తిప్పి చూశారు. చప్పట్లు కూడా కొట్టారు. ఆరాధన అయ్యాక మాత్రం బయట ఒకరికొకరు వందనాలు చెప్పుకుని ఎవరి దారిన వాళ్ళు కదిలారు. చెప్పులు వెతుక్కుంటున్నట్టు ఎలీషా చాలాసేపు గుమ్మం దగ్గరే తచ్చాడాడు. అతని దగ్గరికి ఎవరూ రాలేదు.

చివరికి పాస్టర్ గారి గదిలోకి వెళ్ళాడు.

"అయ్యగారూ, రూబేనుకు మీరొక మాట చెప్పండి. ఆడించకపోయినా సరే, పలకరించమనండి చాలు. ఇంటికాడ గోడలతో ఎంతసేపు మాట్టాడేది?"

"చెప్పి చూశాను ఎలీషా, వినడం లేదు," అన్నారు పాస్టర్ గారు, బైబిలు కవరు జిప్పు లాగుతూ. "కుర్ర రక్తం. నువ్వు తప్పు ఒప్పుకున్నావు, దేవుడు క్షమించాడు. మనుషులకే కాస్త టైం పడుతుంది. ఓపిక పట్టు."

"అట్టాగేనయ్యగారూ."

ఎలీషా గడప దాకా వెళ్ళాడు. వెనక జిప్పు చప్పుడు ఆగింది.

"ఎలీషా, ఒక్క మాట." పాస్టర్ గారి గొంతు బాగా తగ్గింది. "ముబారక్ అడిగింది నన్ను కదా. నేను నోరు తెరిచేలోపే నువ్వెందుకు చెయ్యెత్తావు?"

ఎలీషా ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

"బంతి తగిలింది మీ వేలికి గదయ్యగారూ. మీరేం చెబుతారోనని చానా భయమేసింది."