పేరు తీసేసిన వ్యాసం

“ఇది మన చీమ రాసిందే,” అన్నాడు సంపాదకుడు, కళ్లజోడు తీసి బల్లమీద పెడుతూ.

ఆరిన బట్టలు మడతపెడుతున్న భార్య చెయ్యి ఆగిపోయింది.

“పేరుందా?”

“పేర్లుండవు. నీకు తెలుసుగా.”

తెలుసు. ఆయన నడిపే పరిశోధన పత్రికకు ఏ వ్యాసం వచ్చినా, రాసినవాళ్ల పేరూ ఊరూ తీసేసిగానీ ఆయన బల్లమీదకు పంపరు. ఆ పేర్లు దాచే పని ఆఫీసులో ఒక్క గుమాస్తాది. అచ్చయ్యేదాకా సంపాదకుడు అడిగినా చెప్పకూడదన్నది ఆయన పెట్టిన నియమమే. అందుకే ఆవిణ్ణి అందరూ ‘తాళంకప్ప’ అంటారు.

“మరి మన పిల్లదని ఎలా అంటున్నారు?”

“వాన పడ్డాక చీమలు పాత దారిని మళ్లీ ఎలా వెతుక్కుంటాయన్నది విషయం. ఈ మాట విను. ‘ఒక సాయంత్రం వర్షానికి మేము లోపలికి వెళ్లిపోయాం. ఆ పూట చీమలేం చేశాయో మాకు తెలియదు.’ ఎవరు రాస్తారే ఇలా? ఆ పూట కూడా చూశామని కలిపేసుకుంటే అడిగేవాడెవడు?”

భార్య చేతిలో బట్ట పక్కన పెట్టి కిటికీవైపు చూసింది. చిన్నప్పుడు కిటికీ కింద పంచదార పలుకులు పోసి, బోర్లా పడుకుని చీమల్ని చూస్తూ ఉండేది కూతురు. ఆ ముద్దుపేరు అలా వచ్చిందే. ‘చూడనిది చూశానని చెప్పకు’ అని దానికి నేర్పింది ఈయనే.

ఆ చీమ ఈ గడప తొక్కి రెండేళ్లు దాటింది. తన మొదటి వ్యాసాన్ని నాన్న పత్రికకే పంపి, ఆ సంబరం పట్టలేక భోజనాల దగ్గర చెప్పేసింది. మర్నాడే ఆయన దాన్ని చదవకుండా తిప్పి పంపాడు. కూతురు కాబట్టి వేసుకున్నాడంటారన్నాడు.

“పరాయిదాన్నయితే చదివేవారు కదండీ, సంపాదకులు గారూ?” అంది కూతురు. నాన్నను ‘మీరు’ అనడం అదే మొదలు. ఊళ్లోనే వేరే గది తీసుకుంది. అమ్మతో ఫోన్లో బాగానే మాట్లాడుతుంది. నాన్న ఊసెత్తితే మాత్రం పొయ్యిమీద పాలున్నాయంటుంది.

“అయితే నోరు మెదపకండి,” అంది భార్య దగ్గరికి జరిగి. “ఎవరికి తెలుస్తుంది? మీరే చదివారు, బాగుందంటున్నారు, మీరే వేసెయ్యండి. పిల్ల ఇంటికొస్తుంది.”

“నాకు తెలుసుగా.”

“మీ నియమాలు తగలెయ్య! నేను అన్నం పెట్టి పెంచింది పిల్లనా, మీ నియమాలనా?”

ఆయన నవ్వబోయి ఊరుకున్నాడు. “అప్పుడు చదవకుండా పంపేయడం తప్పు. వేరేవాళ్ల చేతికివ్వాల్సింది. ఇప్పుడు నా చేత్తో నేనే వేసుకుంటే ఇంకో తప్పు. ఈ తప్పుతో ఆ తప్పు దిద్దమంటావా?”

“ఉపసంపాదకుడికి ఇస్తారా? ఆయన చేతిలో కత్తెర తప్ప కలం ఉండదని మీరే అంటారు. తిప్పికొడితే? పిల్ల ఇక మన మొహం చూస్తుందా?”

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. కాగితాలు సర్ది, అంచులు సమంగా తట్టి, సంచిలో పెట్టుకున్నాడు.

“దానికి ఫోన్లో ఒక్క ముక్క కూడా చెప్పకు,” అన్నాడు చివరికి. “తీర్పు వచ్చేదాకా.”

మనసొప్పకపోయినా మాటిచ్చింది.

మర్నాడు ఆయన ఆఫీసులో అందరిముందూ చెప్పేశాడు. రాసింది తన కూతురని, ఈ వ్యాసం విషయంలో తాను వేలు పెట్టనని. ఉపసంపాదకుడు తలూపి తీసుకున్నాడు. తాళంకప్ప మాత్రం ఆయనకేసి అదోలా చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుందట.

“ఏమ్మా?” అన్నాడట ఈయన.

“నేను నోరు విప్పితే మీరే నన్ను ఇంటికి పంపిస్తారు సార్,” అందట.

అప్పట్నుంచీ ఉపసంపాదకుడి గది ముందు నుంచి నడవాల్సి వస్తుందని టీకి కూడా వెనక మెట్ల మీదుగా వెళ్లేవాడు. ఇంటికొచ్చాక భార్య కళ్లతోనే అడిగేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు.

ఒకరోజు చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చాడు. “ఒప్పుకున్నారు! వ్యాసం చదివిన పరిశీలకులిద్దరూ మెచ్చుకున్నారట. రాసినవాళ్లకు పొద్దున్నే కబురు వెళ్లిపోయింది. ఇక నేను మాట్లాడొచ్చు.”

ఫోన్ తీసి, నొక్కలేక భార్య చేతికిచ్చాడు. ఆవిడ కలిపి మళ్లీ ఆయనకే ఇచ్చింది.

“చీమా... నేనమ్మా, నాన్నని. నీ వ్యాసం చదివాను. ఒకసారి ఇంటికి రామ్మా.”

“వస్తాను,” అని మాత్రం వినపడింది అవతల నుంచి.

సాయంత్రానికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆయన ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

“ఏం నచ్చింది?” అంది మెల్లగా.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. పోసిన పంచదార గురించి, కొట్టుకుపోయిన దారి గురించి, దారి తప్పిన చీమ కోసం మిగతావి ఆగడం గురించి. ఆమె కన్నార్పకుండా విన్నది.

“పేరు లేదు కదా. నాదని ఎలా అనుకున్నావు నాన్నా?”

‘నువ్వు’ తిరిగొచ్చింది. తల్లి మొహం పక్కకు తిప్పుకుంది.

“నీ మాట నాకు తెలియదా? ప్రతి పేజీలోనూ నువ్వే కనిపించావు. పరాయివాళ్లకు చేసే పాటి న్యాయం ఆనాడు నీకు చెయ్యలేకపోయానమ్మా.”

కూతురు ఆయన చెయ్యి వదల్లేదు. “ఇంకా చెప్పు నాన్నా,” అంది.

చీకటి పడ్డాక, మంచినీళ్లకని వంటింట్లోకొచ్చిన కూతుర్ని తల్లి భుజమ్మీద చిన్నగా కొట్టింది. “ఎంత గుట్టే నీది! ఇన్నిసార్లు మాట్లాడావు, ఒక్క ముక్కయినా చెప్పావా? ఎప్పుడు రాశావు?”

కూతురు హాల్లోకి తొంగి చూసింది. నాన్న ఖాళీ కుర్చీ పక్కనే నిలబడి, తనలో తనే నవ్వుకుంటున్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని గొంతు తగ్గించింది.

“ఆ వ్యాసం నాది కాదమ్మా.”