లిన్ గారి నల్ల కోటు

పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే మల్లమ్మ మా వాకిట్లో గంప దించగానే, మేడమీది లిన్ గారు నల్ల కోటు పట్టుకుని దిగారు.

ఆయన ఒకప్పుడు ఢిల్లీలో చైనా రాయబారి తరువాత అంతటి అధికారి. చైనాలో రాజ్యం మారి ఆయన ప్రభుత్వం తైవాన్‌కు వెళ్ళిపోయాక, మళ్ళీ కొలువుకు పిలుస్తారని ఎదురుచూస్తూ నాంపల్లికి వచ్చి మా మేడమీద అద్దెకు ఉండిపోయారు. ఆబిడ్స్ హోటల్లో లెక్కలు రాస్తూ, కొలువులో తొడుక్కున్న ఆ కోటును మాత్రం ఏటా ఎండలో వేసి దాచుకునేవారు. నిన్న రేడియోలో తైవాన్‌ను ఐక్యరాజ్యసమితి నుంచి తీసేశారని చెప్పారు.

"ఏంది సాబ్, బిడ్డలెక్క సాకిన కోటు గిప్పుడిచ్చేస్తున్నవా?" మల్లమ్మ కోటు తిప్పి చూసింది. "టిఫిను డబ్బా ఇస్త. పోయినోళ్లది గాదు గద? పోయినోళ్ల బట్టలు నేను ముట్ట."

ఆయన ఆమె చేతిలోంచి కోటు తీసుకున్నారు.

"పోయినోళ్లదే అమ్మా," అని దాన్ని మడిచి, తిరిగి పైకి తీసుకెళ్ళారు.

కింది ఇంటి కోడలిని, తలుపు చాటునుంచి తప్ప ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆ మధ్యాహ్నం అన్నం, చారు పట్టుకుని మేడ ఎక్కాను. ఆయన పొయ్యి వెలిగించలేదు. గిన్నెలు ముందు పెట్టి వచ్చేశాను.

వెళ్ళొస్తానని చెప్పలేదు. చావింట్లో ఆ మాట అనకూడదు కదా.