పీపా నడుము

"ఊపిరి బిగబట్టకు. మామూలుగా నిలబడు," అన్నాడు పీటీ మాస్టరు, చేతిలో టేపు ఊపుతూ.

"బిగబట్టలేదు సార్," అన్నాడు పీపా.

మాస్టరు నమ్మలేదు. ఎలా నమ్ముతాడు? ఎదుట ఉన్నది పటాలమంతటికీ వండిపెట్టే వంటవాడు. ఉప్పు చూసి, కారం చూసి, ఆ చూడటంతోనే పీపా అయ్యాడు. ఏటా పెట్టే నడుము కొలత, పరుగు పరీక్ష దగ్గర పడిందంటే కడుపు మాడ్చుకునేవాడు. పొట్టకు ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని ఎండలో పరిగెత్తేవాడు. టేపు పడే వేళకు ఊపిరి బిగబట్టి టమాటాలా ఎర్రబడేవాడు. ఎన్ని వేషాలు వేసినా రెండేళ్లుగా తప్పుతూనే ఉన్నాడు. మూడోసారి తప్పితే ఇంటికి పొమ్మంటారు.

ఏ ఇంటికి పోతాడు? ఉన్నదల్లా సైన్యం ఇచ్చిన రెండు గదుల క్వార్టరు. ఎదురు క్వార్టరులో బ్యాండువాడు నిరుడు పరుగులో మూడోసారి తప్పాడు. వారం తిరక్కుండా మంచాలు, గిన్నెలు, ముసలి అత్తగారు అన్నీ రోడ్డున పడ్డాయి. పక్కింటి డ్రైవరు పెళ్లాం మాత్రం ఇంకా అక్కడే ఉంది. మొగుడు సర్వీసులో ఉండగానే గుండె ఆగి పోయాడు. పిల్లల చదువులయ్యేదాకా ఆమెను కదిలించరు. రూలంటే రూలే, దానికి కళ్లుండవు.

పీపాకి ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది ఇంకా అక్షరాలు దిద్దుతోంది.

మాస్టరు టేపు చుట్టాడు. చదివాడు. నమ్మకం కుదరక మళ్లీ చుట్టాడు.

"ఒరేయ్, నువ్వు పీపావేనా? ఏం తింటున్నావురా?"

"మా ఆవిడ వంట సార్."

వరసలో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. స్టోర్సు గుమాస్తా మాత్రం నవ్వలేదు. అతని పొట్టా తక్కువదేం కాదు. మెల్లగా పక్కకు చేరాడు.

"బావా, ఆ కిటుకేదో నాకూ చెప్పు. నీకు పుణ్యముంటుంది."

"నీకొద్దులే బావా," అన్నాడు పీపా.

గుమాస్తాకి ఒళ్లు మండింది. నాలుగు మడతలు కరగ్గానే కళ్లు నెత్తికెక్కాయి వీడికి అనుకున్నాడు.

తర్వాత పరుగు. ఇంత చిక్కినవాడికి పరుగొక లెక్కా అనుకున్నారు అందరూ. సగం దూరానికే పీపాకి ప్రాణం కళ్లలోకొచ్చింది. దేవుడికి దండం పెట్టాడు. అదే నోటితో తిట్టాడు. కూతుళ్లిద్దరినీ తలుచుకుని కాళ్లీడ్చాడు. అందరికంటే వెనకగా, గడువు ముగుస్తుండగా గీత దాటాడు. దాటినవాడు దాటినట్టే గోడ చాటుకి పోయి వాంతి చేసుకున్నాడు.

మాస్టరు వచ్చి భుజం తట్టాడు.

"ఖాళీ కడుపుతో పరిగెడితే అంతేరా. అయినా శభాష్. ఏడాదిదాకా నీ జోలికి ఎవరూ రారు, పో."

ఇంటికొచ్చేసరికి భార్య కుట్టుమిషను ముందుంది. అతని ప్యాంటు నడుము మళ్లీ కుదిస్తోంది. పోయిన నెలే ఒకసారి కుదించింది. అతన్ని చూసి మిషను ఆపింది.

"గట్టెక్కారా?"

"గట్టెక్కాను."

ఆమె ఆ ప్యాంటులోనే మొహం దాచుకుని భోరుమంది.

"నాన్న పాసైతే ఏడుస్తావేంటమ్మా?" అంది పెద్దమ్మాయి.

"సంతోషమే తల్లీ. చెల్లిని తీసుకుని బయట ఆడుకోపో," అన్నాడు పీపా.

పిల్లలు వెళ్లారు. ఆమె కళ్లు తుడుచుకుంది. గోడల్ని, కిటికీని, తలుపుని ఒక్కొక్కటీ చూసుకుంది.

"అయితే ఇంక ఏడాదిదాకా మిమ్మల్ని తీసెయ్యలేరుగా?"

పీపా ఆమె పక్కన కూలబడి, ఆ ప్యాంటు తీసుకుని మడతపెట్టాడు.

"ఏడాది ఎందుకే పిచ్చిమొహమా, డాక్టరు నాకిచ్చింది మూడు నెలలేగా."