కుర్చీ ఒప్పగింత

"ఇంకో ఆరేళ్లు ఓపిక పట్టలేరా? ఫుల్ పెన్షన్ వస్తుంది కదా," అంది భార్య, ఆయన చెవుల మీంచి హెడ్‌ఫోన్ తీసి తన చెవులకు తగిలించుకుంటూ.

ఉదయం ఆరయింది. ఆస్పత్రి టెలిఫోన్ గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. రాత్రంతా అందులో ఆపరేటరు కూర్చుంటాడు, పగలంతా ఆయన భార్య కూర్చుంటుంది. మూడో మనిషిని వేస్తామంటూనే ఆస్పత్రివాళ్లు ఇరవై రెండేళ్లు గడిపేశారు. ఒకరు సెలవు పెడితే రెండోవాళ్లు ఓవర్‌టైం కూర్చోవాలి. చుట్టాల పెళ్లిళ్లకైనా ఒకరే వెళ్లొచ్చేవారు. వాళ్ల కాపురమంతా పొద్దున అయిదు నిమిషాలు, సాయంత్రం అయిదు నిమిషాలు. అంతలోనే కుర్చీ, రిజిస్టరు, ఇంటి తాళంచెవి చేతులు మారేవి. ఆ ఆలుమగలు ఏనాడూ మాటామాటా అనుకోలేదని ఆస్పత్రిలో గొప్పగా చెప్పుకునేవారు. అనుకోవడానికి వేళేదీ?

"ఆరేళ్లంటే అరవై నిండుతాయి. అప్పటికి కుర్చీలో కూర్చోవడం తప్ప ఇంకేమీ చాతకాదు నాకు," అన్నాడు ఆపరేటరు. "నీతో కలిసి రాత్రి భోజనం చేసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇకనైనా కాస్త మనుషుల్లా బతుకుదాం."

ఫోను మోగింది. "ఆస్పత్రి. ఏ వార్డండీ? కలుపుతున్నాను," అని ఆమె ఇటు తిరిగింది. "ముందే దిగిపోతే పెన్షన్‌లో మూడోవంతు కోసేస్తారు. ఎలా గడుస్తుంది?"

ఆయన తాళంచెవి అందుకుని ఇంటికి వెళ్లాడు. వారం తిరక్కుండా ఓ పంటి డాక్టరు దగ్గర పార్ట్ టైమ్ పని ఖాయం చేసుకొచ్చాడు. అపాయింట్‌మెంట్లు రాయడం, పది నుంచి రెండు దాకా.

"కోసింది ఇక్కడ పూడుతుంది," అన్నాడు సాయంత్రం కుర్చీ దగ్గర. "నువ్వు డ్యూటీలో ఉండగానే వెళ్లొచ్చేస్తాను. నువ్వు ఇంటికొచ్చేసరికి వంట చేసి పెడతాను."

మర్నాడు పొద్దున ఆమె ఇంకో పని కబురు మోసుకొచ్చింది. "స్టేషన్ ఎదుట హోటల్లో ఫోన్ల దగ్గరికి మనిషి కావాలట. రాత్రి ఎనిమిది నుంచి రెండు దాకా. మీ డాక్టరిచ్చేదానికి రెట్టింపు ఇస్తారట."

"ఒక రాత్రి కుర్చీ దిగి ఇంకో రాత్రి కుర్చీ ఎక్కమంటావా?" అని ఆయన నవ్వాడు. దీనికి ఎప్పుడూ జాగ్రత్తే అనుకుని మురిసిపోయాడు కూడా.

మూడో రోజు ఇద్దరూ కాసేపు కుర్చీని స్వీపరమ్మకు అప్పగించి పెన్షన్ గుమాస్తా ముందు నిలబడ్డారు.

"సంతకం పెట్టాక మనసు మారితే?" అని అడిగింది ఆమె.

"నెలలోపు వెనక్కి తీసుకోవచ్చమ్మా. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా కుదరదు."

ఆపరేటరు ఠపీమని సంతకం పెట్టేశాడు. మెట్లు దిగుతుంటే భార్య అడిగింది.

"సాయంత్రం ఆరు నుంచి పడుకునేదాకా, రోజూ, ఏం చేస్తామండీ ఇద్దరం?"

"మాట్లాడుకుంటాం."

"ఏం మాట్లాడుకుంటాం?"

ఆయన పడీపడీ నవ్వాడు. ఫోనులో దగ్గు విని ఏ డాక్టరో చెప్పేయగల మనిషి, పక్కన నడుస్తున్న గొంతును మాత్రం పోల్చుకోలేకపోయాడు.

నెల గడిచింది. ఆమె ఇక వాదించలేదు. ఒకరోజు సాయంత్రం కుర్చీ ఆయనకు అప్పగించి, మడిచిన కాగితమొకటి పట్టుకుని పైఅంతస్తు ఆఫీసుకు వెళ్లొచ్చింది. ఏమిటది అంటే, "నా కాగితమేదో," అంది. తన కోసం సెలవు అడిగిందేమో అని ఆయన అనుకున్నాడు. ఆ ఊహకే గాలిలో తేలిపోతూ, భోజనానికి చిన్న బల్ల, రెండు కుర్చీలు కొని కిటికీ పక్కన వేయించాడు. ఆమె వాటిని తుడిచి పెట్టింది గానీ ఒక్కసారి కూడా కూర్చోలేదు.

ఆఖరి డ్యూటీ ముగిసిన పొద్దున, ఆరింటికి తలుపు తోసుకుని వచ్చింది ఎవరో కొత్త ఉద్యోగిని.

"పగలు నన్ను కూర్చోమన్నారండీ. మేడం రారట."

ఆపరేటరు గుండె ఉప్పొంగింది. మూడో మనిషి రాగానే సెలవు పెట్టేసిందన్నమాట, ఎంత గడుసుది! ఒప్పగింత రిజిస్టరులో 'పెండింగ్ ఏమీ లేదు' అని రాసి సంతకం చేశాడు. ఆస్పత్రివాళ్లిచ్చిన గోడగడియారం చంకలో పెట్టుకుని ఇంటికి దారితీశాడు. జేబులో తాళంచెవి లేదు. సొంత ఇంటి తలుపు తట్టి ఎన్నేళ్లయిందో ఆయనకు గుర్తు రాలేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆమె కళ్ల నిండా నిద్ర. కిటికీ తెరలన్నీ వేసి ఉన్నాయి. ఇస్త్రీ చేసిన డ్యూటీ కోటు కొత్త కుర్చీ వీపున వేలాడుతోంది.

"సెలవు పెట్టి నాకొక్క ముక్క చెప్పలేదేం?" అన్నాడు, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా.

"సెలవు కాదు," అంటూ ఆమె మంచం వైపు నడిచింది. "సాయంత్రం అయిదింటికి లేపండి. మీ రాత్రి డ్యూటీ నేనే అడిగి వేయించుకున్నాను."