రెండో లోడు

"రెండో లోడు కూడా వేసేశాను. తెల్లవి విడిగా," అన్నాడు భర్త, వాషింగ్ మెషీన్ మూత వేస్తూ.

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన ఆమె చెప్పులు విప్పడం కూడా మరిచిపోయింది. పదకొండేళ్ళ కాపురంలో లోడు అంటే అతనికి తెలిసింది ఒక్కటే, లారీ. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పొద్దస్తమానం లోడు ఎక్కించడం, దించడం, డ్రైవర్ల మీద అరవడం. ఆమె పనిచేసే కరెంటాఫీసులో లోడంటే కిలోవాట్లు. ఇంట్లో దానికి అర్థమేమిటో అతనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. అలాంటి మనిషి ఇవాళ తెల్ల చొక్కాలు ఏరి పక్కన పెట్టాడు. ఆమెకు ఎక్కడో తేడా కొట్టింది.

కొన్నాళ్ళుగా ఇదే వరస. గ్యాసు అయిపోవస్తే ఎలా తెలుస్తుందంటాడు. కూతురు గువ్వకు జ్వరమొస్తే ఏ సిరప్పు పొయ్యాలి, ఎంత పొయ్యాలంటాడు. స్కూలు వ్యాను డ్రైవరు నంబరు తన ఫోన్లోకి ఎక్కించుకున్నాడు. ఉప్పు డబ్బా చేతికందిస్తే తప్ప కనపడని మహానుభావుడు, ఇప్పుడు వంటింట్లో అన్నీ తడుముకోకుండా తీస్తున్నాడు.

ఆమె బాల్కనీలోకి పోయి తలుపు దగ్గరగా వేసి, అక్కకు ఫోన్ చేసింది.

"మగాడు ఉన్నట్టుండి గిన్నెలు కడుగుతున్నాడంటే, బయట కడుక్కోవాల్సిందేదో ఉందనే," అంది అక్క. "చొక్కాలు వాసన చూశావా?"

"చూశా. సబ్బు వాసనే."

"ఫోను?"

"బల్ల మీదే పడుంటుంది. నిండా లారీ నంబర్లే."

"గడుసువాడే. ఒక్క ముక్క దొరకనీ, ఆ తర్వాత నిన్నెవరూ ఒక్క మాట అనలేరు."

నిజమే. ఆమెకు కావలసింది ఆ ఒక్క ముక్కే. అది చేతికి చిక్కక తిండి సయించడం లేదు.

శనివారం సెలవు పెట్టి, అతని ఆఫీసు ఎదురుగా ఉన్న మందుల షాపులో నిలబడింది. ఉన్న దగ్గుమందులన్నీ చూపించమని షాపతన్ని విసిగించింది. భోజనం వేళకు భర్త బయటికొచ్చాడు. హోటలు వైపు వెళ్ళలేదు. అటూ ఇటూ చూసి, మలుపులో ఉన్న టైలరింగ్ షాపులో దూరాడు.

ఆమె వెనకే వెళ్ళి అద్దంలోంచి చూసింది. లోపల ఓ పడుచమ్మాయి, నవ్వు మొహం. ఇద్దరూ దేనిమీదో తలలు వంచుకుని కూర్చున్నారు. ఆ పిల్ల అతని వేలు పట్టుకుని ఏదో చెబుతోంది. ఇంట్లో ముక్తసరిగా మాట్లాడే మనిషి అక్కడ పడీ పడీ నవ్వుతున్నాడు.

ఆమె అద్దం దగ్గర్నుంచి వెనక్కి తగ్గింది. ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. దొరికాడు, హమ్మయ్య అనుకుంది. అక్కకు ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూ ఇంటికి నడిచింది.

సాయంత్రం అతను గువ్వ యూనిఫాం తెచ్చి ఆమె ముందు పరిచాడు.

"ఊడిన బొత్తాం నేనే కుట్టా. టైలరమ్మాయి నేర్పింది. వేళ్ళకు అన్నీ పోట్లే, నన్ను చూసి నేనే నవ్వుకున్నా."

బొత్తాం వంకరగా ఉంది గానీ గట్టిగానే ఉంది. ఆమెకు ఒళ్ళు మండింది. తప్పు పట్టడానికి చోటివ్వని మనిషితో ఎలా వేగడం? ఆ రోజు అక్క ఫోన్ చేస్తే ఎత్తలేదు.

సోమవారం పొద్దున హాల్లోంచి గువ్వ ఏడుపు వినిపించింది. "నాన్న జుట్టు పీకేస్తున్నాడు, అమ్మే జడ వెయ్యాలి," అంటూ జుట్టు విరబోసుకుని లోపలికి పరిగెత్తింది. దువ్వెన అతని చేతిలోనే ఉండిపోయింది.

ఇక ఆమెకు ఓపిక నశించింది.

"చాలు మీ నాటకం. ఇదంతా ఎవరి మెప్పు కోసం? ఎవరో ఉన్నారు. చెప్పేయండి, నేనేం గొడవ చెయ్యను."

అతను దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు ఒక్కొక్కటీ తీశాడు. ఆమె వైపు చూడలేదు.

"ఎవరూ లేరు," అన్నాడు. "నువ్వొక్కదానివే ఉండటానికి నువ్వు అడ్వాన్సిచ్చిన గది ఓనరమ్మ, పోయిన నెల నీ సెల్లు కలవక ఇంటి నంబరుకు చేసింది. గువ్వకు జడ వెయ్యడం ఒక్కటీ నాకు నేర్పేసి వెళ్ళు."